ఆమని పంపిన పేరంటం కార్డు

మా నల్లగండ్ల అపార్ట్‌మెంట్లలో ఇప్పుడెవరూ కుంకుమ భరిణె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పేరంటానికి పిలవడం లేదు. తలుపు తెరిచేవాళ్ళే తక్కువ. తెరిచినా, మీటింగ్‌లో ఉన్నామని సైగ చేసి మళ్ళీ మూసేస్తారు. వాట్సాప్ గ్రూపులో అమ్మవారి బొమ్మ ఒకటి పెడితే పిలుపు అయిపోయినట్టే. మా ఎదురింటి ఆమనికి మాత్రం అలా కుదరలేదు. కొత్త ఫ్లాట్లో మొదటి వరలక్ష్మీ వ్రతం. పైగా కాకినాడ నుంచి అత్తగారు జయలక్ష్మిగారు వస్తున్నారు. గ్రూపులో పిలిస్తే పిలిచినట్టు కాదని, ఎవరి పేరు పెట్టి వాళ్ళను పిలవాలని ఆవిడ ముందే ఫోన్లో చెప్పారు.

ఆమని తేలిక దారి వెతుక్కుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రకటన చూసి ఒక ఉచిత యాప్ వేసుకుంది. మన ఫోన్లో ఉన్న వాళ్ళందరికీ ఒక్కొక్కరి పేరుతో కార్డు తయారుచేసి అదే పంపుతుందట. కాంటాక్టులు చూడనిమ్మని అడిగితే సరే అంది. ఫొటోలు చూడనిమ్మంటే సరే అంది. ఇంకేదో అడిగితే చదవకుండానే సరే అంది. అప్పుడు పొయ్యి మీద పాలున్నాయని తర్వాత నాతో చెప్పింది.

యాప్ చెప్పిన పని చెప్పినట్టే చేసింది. ఆమని తన ఫోన్లో ఎవరిని ఏ పేరుతో దాచుకుందో ఆ పేరుకు ముందు 'శ్రీమతి', వెనక 'గారికి' చేర్చి, కింద ఆమని పేరూ ఫ్లాటు నెంబరూ వేసి, ఆ కంపెనీ నెంబరు నుంచి అందరికీ పంపేసింది.

నాకు వచ్చిన కార్డు మీద 'శ్రీమతి తప్పులు దిద్దే ఆమె గారికి' అని ఉంది. అందులో 'ముత్తైదువ' అనే మాట తప్పు రాశారు కూడా. ఈసారికి దిద్దలేదు. మూడో అంతస్తు రేఖ 'శ్రీమతి డబ్బా తిరిగివ్వదు' అయింది. సాయంత్రానికల్లా ఆ స్టీలు డబ్బా, లోపల కాస్త పంచదారతో సహా, ఆమని గుమ్మం ముందుంది. పాలు పోసే మొగిలి మర్నాడు పొద్దున్నే ఆమనికి ఫోన్ తీసి చూపించాడు. అతను 'శ్రీమతి నీళ్ళ పాలు'.

"శ్రీమతి అన్నరు, దానికి ఫికర్ లేదు మేడమ్. ఆ నీళ్ళ మాటేందో జర చెప్పుండ్రి," అన్నాడు.

అది యాప్ పొరపాటని ఆమని సర్దిచెప్పబోయింది. యాప్ ఎన్నడన్నా తన పాలు తాగిందా అని అడిగి వెళ్ళిపోయాడు.

ఆమని భర్త ఉదయ్ భాస్కర్ రాయదుర్గంలో ఒక ఆఫీసులో ఉద్యోగులకు డేటా భద్రత గురించి పాఠాలు చెబుతాడు. అతనికి 'శ్రీమతి మీటింగ్‌లో ఉన్నా గారికి' అని వచ్చింది. ఆ రోజు పాఠం ఇంట్లోనే జరిగింది. తలుపు తెరిచే ఉండడంతో నాకూ వినబడింది. యాప్ తీసేసినా ఒకసారి వాళ్ళ దగ్గరికి వెళ్ళినవి వెనక్కి రావన్నాడు.

"నా ఫోన్లో పేర్లు నావి కావా?" అంది ఆమని.

"పేర్లు నీవే. నెంబర్లు ఎవరివి? ఎవరినడిగి ఇచ్చావు?"

ఆమనిని లోపల తినేస్తున్నది మాత్రం వేరే. అత్తగారి నెంబరూ ఆ ఫోన్లోనే ఉంది. ఏ పేరుతో ఉందని అడిగాను. "అడగకక్కా," అని రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఆవిడ చూసేలోగా ఆవిడ ఫోన్లోంచి ఆ కార్డు చెరిపేయాలి, లేకపోతే ఇక ఏ పండగకూ ఈ ఇంట్లో తన మాట చెల్లదంది.

జయలక్ష్మిగారు గురువారం పొద్దున లింగంపల్లిలో రైలు దిగారు. ముఖం చూస్తే ఏమీ తెలియలేదు. ఆవిడ ఫోన్ తనే కుట్టుకున్న గుడ్డ సంచిలో, నడుము దగ్గరే ఉంటుంది. అప్‌డేట్ చేసిస్తానంది ఆమని. బాగానే పనిచేస్తోందన్నారు. ఛార్జింగ్ పెడతానంది. రైల్లో పెట్టుకున్నానన్నారు. అమ్మవారి అలంకారం ఫొటో తీస్తానంటే, నీ ఫోన్లో కెమెరా ఇంకా బాగుంటుందిగా అన్నారు. చివరికి నేను మా ఇంటికి పిలిచి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాను. ఆవిడతోపాటు సంచీ వచ్చింది.

ఈలోగా ఫోన్లు మొదలయ్యాయి. లోన్లిస్తామని, ప్లాట్లు అమ్ముతామని, పిల్లలకు కోడింగ్ నేర్పుతామని. "తప్పులు దిద్దే ఆమె గారేనా అండి?" అని ఒకమ్మాయి నన్ను ఎంతో మర్యాదగా అడిగింది. యాప్ షరతుల్లో 'భాగస్వామ్య సంస్థలు' అని రాసిన చోటు ఉదయ్ భాస్కర్ మాకు చూపించాడు. ఆమనికి కొత్త భయం పట్టుకుంది. కార్డు చెరిపినా అత్తగారికి వచ్చే ఈ ఫోన్లను ఆపేదెలా?

శుక్రవారం సాయంత్రం వాళ్ళ హాల్లో నిలబడే చోటు లేదు. ఎవరికి ఏ పేరొచ్చిందో తెలుసుకోవాలని, కార్డు అందని వాళ్ళు కూడా పట్టుచీరలు కట్టుకుని వచ్చారు. ఆమని వంగి రేఖ పాదాలకు పసుపు రాస్తుండగా సోఫాలో జయలక్ష్మిగారి సంచి మోగింది. ఆవిడ ఎప్పుడూ స్పీకర్ పెట్టే మాట్లాడతారు.

"నమస్తే అండి. తుఫాను హెచ్చరిక గారేనా మాట్లాడేది?"

ఆమని చెయ్యి రేఖ పాదం మీదే ఆగిపోయింది.

"అవునమ్మా," అన్నారు జయలక్ష్మిగారు. "మా కాకినాడ రేవులో ఎన్నో నెంబరు జెండా ఎగరేయమంటావు?"

ఆ అమ్మాయికి అర్థం కాక ప్లాట్ల సంగతి ఎత్తుకుంది. జయలక్ష్మిగారు సాగనివ్వలేదు. పేరేమిటి, ఏ ఊరు, నాన్నగారేం చేస్తారు, జీతమెంత, హాస్టల్లో తిండి బాగుంటుందా, సంబంధాలు చూస్తున్నారా అని వరసగా అడిగారు. ఆ పిల్ల పాపం అన్నీ చెప్పింది, ప్రగతి నగర్ హాస్టల్లో గది నెంబరుతో సహా. ఏ యాపూ అంత త్వరగా రాబట్టి ఉండదు.

ఫోన్ పెట్టేశాక ఆమని మెల్లగా లేచింది. "అత్తయ్యగారూ..."

"కార్డు వచ్చిన రోజే చూశాను. మీ మావయ్యగారికి చదివి వినిపించాను కూడా. పేరు సరిగ్గానే పెట్టిందన్నారు." ఆవిడ ఫోన్ ముందుకు చాపారు. "ఇదిగో, ఆ యాప్ నా ఫోన్లోనూ వెయ్యి. నేను నిన్నేమని రాసుకున్నానో నీకూ ఒక కార్డు వస్తుంది."

ఆమని నిజంగానే చెయ్యి చాపింది.

"వద్దమ్మా," అంటూ ఉదయ్ భాస్కర్ లోపలి గదిలోంచి పరుగున వచ్చాడు. మళ్ళీ డేటా భద్రత పాఠమే అనుకున్నాం మేమంతా.

"నా ఫోన్లో నీ పేరు బయటపడుతుందనా?" అన్నారు జయలక్ష్మిగారు.

అతను వచ్చినంత వేగంగానే వెనక్కి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. తాంబూలం అందుకున్న వాళ్ళు కూడా ఒక్కరూ లేవలేదు.