చంటిదాని బరువు

ఆరిళ్లకూ కలిపి ఒకటే వంటగది, ఒకటే వసారా. పొద్దున్నే పెద్ద స్టవ్వు ముందు డ్రైవరమ్మ ఒక చంకలో పిల్లను ఇరికించుకుని, రెండో చేత్తో అందరికీ టీ వడపోస్తుంది. బల్లల చుట్టూ ఖాళీ చేతులు బోలెడు. పిల్ల కోసం చాచేవి మాత్రం ఒక్కటీ లేవు.

అలాగని వాళ్లు చెడ్డవాళ్లేం కాదు. ఆ పిల్ల తల్లి చేతుల్లో దూదిపింజ, మిగతావాళ్లు ఎత్తుకుంటే నిజంగానే సిమెంటు బస్తా. అక్కడ పుట్టిన పిల్లలందరూ అంతే. పై అంతస్తుకు నీళ్లు సన్నగా వస్తాయని చెప్పుకున్నట్టే ఆ మాటా చెప్పుకుంటారు. 'ఇక్కడి పిల్లలు అందరి పిల్లలు' అని గేటు మీద రంగుల్లో రాయించారు. మొదటి మీటింగులోనే, ఎవరికి తేలికో వాళ్లే ఎత్తుకోవాలని చేతులెత్తి తీర్మానించారు. ఖాళీ చేతులు ఎత్తడానికేం కష్టం?

సోమవారం డ్యూటీలో చేరకపోతే డ్రైవరమ్మ బస్సు ఇంకొకరికి ఇచ్చేస్తామని డిపో నుంచి కబురొచ్చింది. ఆదివారం భోజనాల దగ్గర ఆ సంగతి చెప్పింది. మీటింగులు నడిపే రిటైర్డ్ మేష్టారు జాలిగా తలాడించి, ప్రకృతి ధర్మం మీద చిన్న ఉపన్యాసం దంచారు. ఆమె మొగుడు అప్పుడే నడుం పట్టుకున్నాడు. రోజూ జిమ్ముకెళ్లి ఇనుము ఎత్తే మనిషి.

"నావల్ల కాదు. నీకైతే పువ్వే కదా" అన్నాడు.

పళ్లు కోస్తున్న అత్తగారు కత్తి పక్కన పెట్టింది.

"నువ్వూ నాకు మొదట్లో బండరాయివేరా. అందుకునేవాళ్లు లేక మోశాను. మోయగా మోయగా తేలికయ్యావు. ఆ మాటంటే ఏం తల్లివంటారని నోరు మూసుకున్నా."

డ్రైవరమ్మకు మణికట్లు వాచిపోయిన మొదటి రోజులు గుర్తొచ్చాయి. లోపం తనదేననుకుని ఆమె కూడా ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్లు దాచినందుకు అత్తగారి మీద ఒళ్లు మండింది. తానూ దాచినందుకు ఇంకా మండింది.

సోమవారం పొద్దున యూనిఫాం వేసుకొచ్చి, పిల్లను మొగుడి ఒళ్లో పెట్టింది. బెంచీ కిర్రుమంది.

"ఇదిగో, లేవలేకపోతున్నా."

"కూర్చునే మొయ్యి. పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. మీ అమ్మను పిలవకు."

ఆ మాట వినగానే అత్తగారు కుర్చీలో వెనక్కి వాలి పేపరు విప్పుకుంది. మేష్టారు ఏదో అనబోయి, పక్కింటి తల్లి కూడా తన చంటిపిల్లను ఎత్తుకుని తనవైపే నడిచి రావడం చూసి, చెప్పులు వెతుక్కున్నారు.

సాయంత్రం ఆమె వచ్చేసరికి మొగుడు వసారాలో నిలబడి ఉన్నాడు. చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయింది. పిల్ల అతని భుజం మీద నిద్రపోతోంది.

"ఏమైనా తగ్గిందా?"

"వీసమెత్తు" అన్నాడు కసిగా.

ఆమె చేతులు చాచి అందుకుంది. నిన్నటిదాకా దూదిపింజలా ఉన్న పిల్ల ఆ చేతులకు కాస్త బరువు తగిలింది. పెరిగే పిల్ల ఉండాల్సినంత బరువు. ఒక్క క్షణం మోసి చూసుకుని, మళ్లీ అతని భుజానే వేసి, రేపటికి యూనిఫాం ఉతుక్కోవడానికి వెళ్లింది. అతని చొక్కా కాదు, తనది ఒక్కటే.