ఉప్పాడ ఇంటికి

పెళ్ళయి పాలకొల్లు వచ్చి ముప్పై ఏళ్ళు దాటినా, శ్యామలాంబ "మా ఇల్లు" అన్నదంటే అది ఉప్పాడలో ఇల్లే. కాపురం చేస్తున్న డాబాని మాత్రం "ఆయన ఇల్లు" అంటుంది. మోటార్లు బాగుచేసే షాపు నడుపుకునే ఆమె భర్త తాతాజీ, ఆ మాటకి నొచ్చుకోవడం మానేసి చాలాకాలమైంది.

ఆ ఉప్పాడ ఇల్లు ఇప్పుడు సముద్రంలో కలిసిపోతోంది. ఒకప్పుడు ఇంటికీ నీళ్ళకీ మధ్య రెండు వీధులూ ఒక సరుగుడు తోటా ఉండేవి. సముద్రం ముందు తోటని, తర్వాత వీధుల్ని ఒక్కొక్కటిగా మింగి పెరట్లోకొచ్చి కూర్చుంది. ముందురోజు సాయంత్రం అన్న వీరాస్వామి ఫోన్ చేశాడు.

"వెనకగోడ పడిపోయిందమ్మా. మగ్గం గుంట నిండా ఉప్పునీళ్ళే. సామానంతా ఊరవతల కాలనీకి చేర్చేశాం. రేపు పౌర్ణమి పోటు. ఇల్లు ఆగుతుందని నాకు నమ్మకం లేదు. చూసుకోవాలనుంటే పొద్దున్నే వచ్చెయ్యి."

ఒక్కసారి ఆ ఇంట్లో అడుగుపెట్టాలి. అంతకుమించి శ్యామలాంబకి ఇంకే కోరికా లేకపోయింది. చీకటితోనే మొగుణ్ణి లేపి వ్యాన్ తీయించింది. చించినాడ వంతెన ఎక్కేసరికి కింద గోదావరి ఉందో లేదో తెలియనంతగా మంచు కమ్మేసింది.

"కొంచెం గట్టిగా తొక్కండి."

"ఎదర ఏముందో కనబడితే కదా తొక్కడానికి! తిన్నగా గోదాట్లోకి తొక్కమంటావా ఏంటి?"

దారి పొడవునా ఇదే గొడవ. అంత తొందరపెట్టిన మనిషే కాకినాడ రాగానే బండి ఆపమంది. కాజాలు కొనాలట.

"కూలిపోయే ఇంటికి కాజాలేంటే?"

"బాగానే ఉంది. పుట్టింటికి ఒట్టి చేతుల్తో వెళ్తానా? వదిన ఏమనుకుంటుంది?"

కొట్టు ఇంకా తెరవలేదు. తెరిచేదాకా నిలబడింది. తెరిచాక, నిన్నటివి వద్దని వేడివి దిగేదాకా నిలబడింది. తాతాజీ స్టీరింగ్ మీద దరువు వేసుకుంటూ కూర్చున్నాడు. పుట్టింటి విషయంలో పెళ్ళాంతో వాదించి గెలిచిన మగాడు ఆ జిల్లాల్లో ఇంకా పుట్టలేదు.

ఎరువుల ఫ్యాక్టరీ దాటాక బీచ్ రోడ్డు మొదలైంది. కుడిపక్క సముద్రం ఉండాలి, కానీ ఉన్నది తెల్లటి మంచే. అందులోంచి హోరు వస్తోంది. ఉన్నట్టుండి ఒక కెరటం కట్ట మీది రాళ్ళని ఎక్కి నురగని అద్దం మీదికి విసిరింది. తారు రోడ్డు కొరికేసిన అరిసె అంచులా ఉంది. ఒడ్డుకి లాగిన పడవ ఒకటి, ముక్కు మాత్రం బయటపెట్టి, మళ్ళీ మంచులోకి వెళ్ళిపోయింది. తాతాజీ పక్కనున్న కొబ్బరిచెట్ల గుర్తుతో నడుపుతున్నాడు.

శ్యామలాంబ అద్దం దించింది. కొత్త కాపురంలో ఈ హోరు లేకనే ఆమెకి నిద్రపట్టేది కాదు. అందరూ పుట్టింటి మీద బెంగ అనుకున్నారు. ఇల్లు తినేస్తున్న సముద్రం మీద కోపం తెచ్చుకుందామని చూసింది. రాలేదు. ఆ ఉప్పుగాలి మొహానికి తగలగానే చిన్నపిల్లలా ఇంటికి పరుగెత్తాలనిపించింది.

సుబ్బంపేట దాటాక బారికేడ్ అడ్డం వచ్చింది. మంచులోంచి ఒక కానిస్టేబుల్ ఊడిపడ్డాడు.

"రోడ్డు మీదికి కొడుతోందండి. పోటు తగ్గేదాకా బళ్ళు వదలం. లేదంటే పిఠాపురం మీంచి తిరిగెళ్ళండి."

"ఆ మలుపు దాటితే మా ఇల్లే బాబూ."

"ఇందాకటిదాకా వదిలామమ్మా. ఒక్క గంట ముందొచ్చుంటే వెళ్ళిపోయేవారు."

శ్యామలాంబ ఒళ్ళోని పొట్లం ఇంకా వెచ్చగానే ఉంది. తాతాజీ ఆమె వైపు చూడలేదు, ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకి. తలుపు తీసుకుని దిగి, బారికేడ్ పక్కనుంచి నడిచింది. వెనకే రాబోయిన తాతాజీని, బండి నడిరోడ్డు మీద వదిలేసి ఎక్కడికని కానిస్టేబుల్ పట్టుకున్నాడు.

చీర కుచ్చిళ్ళు తడిసి కాళ్ళకి చుట్టుకుంటున్నాయి. మలుపు తిరిగాక, మంచులో ముందు ఒక గుమ్మం కనబడింది. గోడలు లేవు, కప్పు లేదు. రోడ్డు వారన ఉత్త ద్వారబంధం, దాన్ని పట్టుకుని వీరాస్వామి.

"ఇల్లేదన్నయ్యా?"

"ఇందాకే పోయిందమ్మా. నాన్న చేయించిన గుమ్మం కదా అని దీన్ని ముందే ఊడదీసుకున్నాం. మీ వదిన ఆటో కోసం వెళ్ళింది."

గడపకి పచ్చగా పసుపు, వరసగా కుంకుమ బొట్లు. ఆడపడుచు వస్తోందని వదిన తెల్లవారుజామునే పెట్టింది.

"కాజాల కోసం ఆగాను," అంది శ్యామలాంబ. "ఆగకపోతే చూసేదాన్ని."

"ఒట్టి చేతుల్తో ఎలా వస్తావమ్మా మరి," అన్నాడు వీరాస్వామి. తర్వాత, ఎన్నో ఏళ్ళుగా అంటున్న మాటే అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది. "బయటే నిలబడిపోయావేంటి? లోపలికి రా."

అనేశాక అతని మొహం పాలిపోయింది.

శ్యామలాంబ వంగి గడపని కళ్ళకద్దుకుని, కుడికాలు ముందు పెట్టి దాటింది. అటువైపు తడి ఇసుకా, రాళ్ళూ. నడిమింట్లో నిలబడ్డట్టే అక్కడ నిలబడి, చిన్నప్పుడు దెబ్బ తగిలితే ఏడ్చినట్టు పైకే ఏడ్చింది. వీరాస్వామి ఆమె దగ్గరికి వెళ్ళలేకపోయాడు. చేతులు వదిలితే గుమ్మం పడిపోతుంది.