మట్టి లేని కుండీ

రైలు డ్రైవరుగా రిటైరయ్యాక ఆయన ఇంట్లో గడుపుతున్న మూడో రోజది. టీచరుగా పనిచేసే భార్య బడికి వెళ్లిన దగ్గర్నుంచి కాలుగాలిన పిల్లిలా గదుల్లో తిరుగుతున్నాడు. కిటికీ దగ్గర ఆమె పెంచుకుంటున్న ఆర్కిడ్ కుండీలో చూస్తే అన్నీ చెక్కపెచ్చులే, చారెడు మట్టి లేదు. పాపం, దీన్ని ఇన్నాళ్లూ పస్తులుంచిందనుకున్నాడు. పెచ్చులన్నీ పారబోసి, మొక్కను పెద్ద కుండీలోకి మార్చి, నిండా మట్టి నింపి, గట్టిగా అదిమి, చెంబుడు నీళ్లు పోశాడు.

సాయంత్రం వచ్చిన ఆమె చేతిసంచీ కూడా దించలేదు.

“ఏం చేశారండీ దీన్ని?”

“మట్టి పోశాను, కాస్త బలం పడుతుందని.”

“దీని వేళ్లకి గాలి కావాలి. మట్టిలో ఊపిరాడక చస్తుంది. అయినా పూలతో ఉన్నప్పుడు ఎవరైనా కుండీ మారుస్తారా?”

ఆయన ముఖం చిన్నబోయింది. ఆమె వంటింట్లో పాత పేపరు పరిచింది. ఆయన మొక్కను పట్టుకుంటే, ఆమె ఒక్కో వేరూ కడిగి, నలిగినవి కత్తిరించి, కొత్త పెచ్చులు వేసి నిలబెట్టింది.

“ఎప్పటికి కోలుకుంటుంది?”

“నెలో, రెండు నెలలో.”

“అప్పటిదాకా నేనేం చెయ్యాలి?”

“ముట్టుకోకుండా ఉండండి చాలు,” అందామె నవ్వాపుకుంటూ.

నాలుగు రోజుల్లో పూలన్నీ రాలిపోయాయి. ఆయన రోజుకు పదిసార్లు, చేతులు వెనక్కి కట్టుకుని మరీ వెళ్లి చూసేవాడు. ఆరో వారంలో ఆకు మొదట్లో పచ్చటి కొత్త వేరుకొన కనిపించింది. సాయంత్రం దాకా ఆగలేక బడికి ఫోన్ చేశాడు.

“క్లాసులో ఉన్నారండీ. అర్జెంటా?” అని అడిగాడు గుమాస్తా.

“అర్జెంటే, పిలవండి,” అన్నాడు.