ట్రేలో ఫోన్లు

బట్టల ఫ్యాక్టరీలో ఇస్త్రీ గదికి బయటి నుంచి తాళం వేసినందువల్లే కటింగ్ మాస్టరు భార్య చనిపోయింది. ఇందులో వాదనకు చోటు లేదు. ఆవిరి గొట్టం పగిలిన రోజున సూపర్‌వైజరు తాళంచెవి కోసం జేబులు తడుముకుంటూ నిలబడ్డాడు. తాళం తీసి ఉంటే బట్టలు దొంగిలిస్తారట!

ఏడాది గడిచినా ఆ తాళం పోలేదు. మాస్టరు, ఇస్త్రీ గదిలోనే పనిచేసే అతని మరదలు, ఇంకో నలభై మంది కలిసి పని ఆపాలనుకున్నారు. తోడు నిలిచిన కాలేజీ అమ్మాయి అందరి ఫోన్లలోనూ రహస్యంగా మాట్లాడుకునే యాప్ పెట్టింది.

"సర్కారుకు కూడా చదవడం చేతకాదు తాతా!" అంది మాస్టరుతో.

సర్కారుకు వీళ్ల ఊసే పట్టలేదు. షిఫ్టుకు ముందు ఫోన్లన్నీ గేటు దగ్గర ట్రేలో పెట్టి పోవాలి. సోమవారం సెలవులో ఉన్న మరదలు ఇంటి నుంచి కబురు పెట్టింది. చూపు ఆనక అక్షరాలు పెద్దవి చేసుకున్న మాస్టరు ఫోను మీద, లాక్ తీయకుండానే, ఆమె పేరుతో సహా వెలిగింది: 'గురువారం పదింటికి ఆపేద్దాం.' వాచ్‌మన్ తీరిగ్గా చదవడం ఊడ్చే ఆమె చూసింది. సాయంత్రానికి మరదలి పని ఊడింది.

ఆ రాత్రి ఆమె అద్దె గదిలో అందరూ కూడారు.

"ఇంకా గట్టి యాప్ ఒకటుంది..." అమ్మాయి నసిగింది.

"ఆపు తల్లీ! ఏనుగొస్తుందని కోట కట్టావు. ఎలక గడప కింద దూరింది," అంది మరదలు.

"తప్పు నాది," అన్నాడు మాస్టరు.

"నీదే బావా. కాదన్నదెవరు?"

అమ్మాయి సిగ్గుపడి ఈసారి అడగాల్సిందే అడిగింది. "మనల్ని చూసేదెవరు? వాడికి కనబడేదేమిటి?"

"వాచ్‌మన్ వెధవ. వాడికి తెర తప్ప ఏం కనబడుద్ది?" అంది మరదలు.

అందరి తెరల మీదా కబుర్లు కనబడకుండా చేశారు.

"నాది ఉంచు. మరదలా, రేపు కూడా గురువారమనే పంపు. చదువుకోనీ, చదువుల సరస్వతి!"

అసలు రోజు బుధవారం. అది ఏ ఫోనులోకీ ఎక్కలేదు. మాస్టరు బల్ల మీద కత్తిరించిన ముక్కల కట్టలు కుట్టు మిషన్లకు, అక్కడి నుంచి ఇస్త్రీకి పోతాయి. కట్టతో పాటే మాట చేతులు మారింది.

బుధవారం పదింటికి మిషన్లన్నీ ఒక్కసారి ఆగాయి. ఆడవాళ్లు ఇనుప కడ్డీతో తాళం బద్దలు కొట్టి, తలుపునే ఊడబెరికి వాకిట్లో పడేశారు. గురువారానికి పిలిపించుకున్న పోలీసులు మధ్యాహ్నానికి గాని రాలేదు. వచ్చి మాస్టరును పట్టుకుపోయారు.

స్టేషనులో ఫోను తెరవమన్నారు. తెరిచాడు. ఈసారి చూసేది వీళ్లేనని ముందే ఊహించి, పొద్దున్నే కబుర్లన్నీ యాప్‌తో సహా తుడిచేశాడు.

"మాట మోసిందెవరు? పేర్లు చెప్పు."

బయట నలభై గొంతులు కేకలేస్తున్నాయి.

"నా పెళ్లాం ఉడికి చచ్చిననాడు మీరెవరూ నన్నేమీ అడగలేదు," అన్నాడు మాస్టరు. "ఇప్పుడడిగితే చెప్పను. ఇవాళే కాదు, బతికున్నన్నాళ్లూ ఈ సంగతి నా నోట రాదు."