పొగకు మినహాయింపు లేదు

ఉంగరం నిప్పును ఆపుతుందని పుస్తకంలో ఉంది. పొగ సంగతి లేదు. సోమేశ్వరరావు మాస్టారు ఆ పేజీని ఎన్నిసార్లు తిరగేసినా అందులో కొత్త వాక్యం పుట్టలేదు.

అమలాపురంలో తర్కశాస్త్రం చెప్పి రిటైరైన మనిషాయన. దేవుణ్ణీ దెయ్యాన్నీ ఒకే గాటన కట్టేవారు. అలాంటివారికి మాంత్రికుల ఆటేమిటని జనం నవ్వారు. రెండువేల రెండు వేసవిలో, విశాఖలో ఇంజనీరింగు చదివే గోపీకృష్ణ జిరాక్సు చేయించి తెచ్చిన ఇంగ్లీషు ఆట పుస్తకమది. ఆడేవాళ్లు తలా ఒక వీరుణ్ణి కల్పించుకుంటారు; ఆపదలో వాడేం చేస్తాడో చెబుతారు; ఎంత దెబ్బ తగిలిందో పాచికలు తేలుస్తాయి. పుస్తకం తేల్చనిచోట ఆట నడిపేవారి మాటే తీర్పు. ఆట నడిపేది మాస్టారే; ఆ తీర్పు కోసమే ఆయనకి ఆట రుచించింది. మంత్రాలు ఎంత అబద్ధమైనా ఇక్కడ వాటికొక నిబంధన ఉంది; ఆ నిబంధన ఎవరి మొహమూ చూడదు.

కిందటి ఆటలో ఐనవిల్లి వైపు రైతు కుర్రాడు బుజ్జిబాబు తన వీరుడికి ఆ ఉంగరం తొడిగి, తగలబడుతున్న ధాన్యపు కొట్టులోకి పంపాడు. లోపల ఇద్దరు ఖైదీలు. ఒకణ్ణి బయటికి తెచ్చి, రెండోవాడి కోసం మళ్లీ గుమ్మం దాటగానే, “పొగకి డామేజీ ఉందయ్యా,” అన్నారు మాస్టారు.

“అన్యాయమండీ! పొగ నిప్పు కడుపున పుట్టిందే కదండీ. తల్లి ముట్టుకోనోణ్ణి పిల్లేం చేస్తాదండీ?”

“లాయరు కావలసినవాడివి, కొబ్బరి పీచులో పడ్డావు.”

“అలాగైతే వాయిదా వేయండి మాస్టారూ. పుస్తకమంతా చదివే చెప్పండి.”

పక్కనే ఆడుతున్న అతని చెల్లెలు యామిని పగలబడి నవ్వింది. ఆట అక్కడే ఆగింది.

ఆ గురువారం బుజ్జిబాబు వాళ్ల పీచు షెడ్డు అంటుకుంది. పీచు మండేది తక్కువ, పొగ చిమ్మేది ఎక్కువ. ఆనుకునే పశువుల పాక. దూడను బయటికి తోలి, గేదె కట్టు విప్పడానికి మళ్లీ లోపలికి వెళ్లిన బుజ్జిబాబు తిరిగి రాలేదు. బయటికి తీసేసరికి ప్రాణం లేదు; ఒంటి మీద ఒక్క బొబ్బా లేదు.

యాదృచ్ఛికమే. పీచు అంటుకోవడం ఈ సీమలో వింత కాదు. దాన్ని ఆటతో ముడిపెట్టడం మూర్ఖత్వం. మాస్టారు ఈ మాట తనకు తానే చాలాసార్లు చెప్పుకున్నారు.

పెద్దకర్మ అయ్యాక వచ్చిన ఆదివారం యామిని, గోపీకృష్ణ ఆయన వరండాలో కూర్చున్నారు.

“పొగ ఏమీ చెయ్యదని చెప్పేయండి మాస్టారూ.” గోపీకృష్ణ పుస్తకాన్ని ఆయన ముందుకి తోశాడు. “ఇక్కడైనా ఆణ్ణి బతకనివ్వండి. మీ సొమ్మేం పోద్దండీ?”

మాస్టారు యామిని వైపు చూశారు.

“వినాయకుడు కాపాడేడంటుందండీ మా అమ్మ. నిప్పు ముట్టలేదంట, ఒళ్లు బంగారంలా ఉందంట. వచ్చినోళ్లంతా ఆయ్, ఆయ్ అని దణ్ణాలు పెడుతున్నారు. మీరూ అదే అంటే నేనింకెవర్ని అడగాలండీ?”

దహనం నాడు ఆ మాట ఆయనా విన్నారు. జీవితమంతా అలాంటి మాటల మీద విరుచుకుపడిన మనిషి, ఆ రోజు మాట్లాడకుండా చెప్పులు వేసుకుని వచ్చేశారు.

“ఇమ్యూనిటీ,” అన్నారు, క్లాసులో చెప్పినట్టే, “పేరు పెట్టి చెప్పిన కారణానికే వర్తిస్తుందమ్మా. ఇక్కడ చెప్పింది నిప్పు. పొగ వేరే కారణం. ఒళ్లు కాలదు. ఊపిరి ఆడదు. డామేజీ పూర్తిగా పడుతుంది.”

“ఏం మనిషండీ మీరు!” గోపీకృష్ణ లేచి నిలబడ్డాడు.

యామిని అప్పటికే పాచికలు వేసింది. రెండూ ఒకట్లే, అంటే పడగలిగిన వాటిలో అతి తక్కువ దెబ్బ. అయినా బుజ్జిబాబు వీరుడికి కొనప్రాణమే మిగిలింది. గుమ్మం వెనకే ఉంది.

“బతికేడు!” గోపీకృష్ణ కుర్చీలో కూలబడ్డాడు. “బయటికి లాగెయ్ యామినీ.”

“లోపల రెండోవాడున్నాడు కదా.”

“ఆటే కదా...”

“అన్నయ్య బదులు నేనాడుతున్నాను. వీడు లోపలికే వెళ్తాడు.” మాస్టారి వైపు తిరిగింది. “మళ్లీ పొగేనాండీ?”

“పొగేనమ్మా.”

పాచికలు దొర్లి ఆగాయి. లెక్క తెలియడానికి ముగ్గురిలో ఎవరికీ పుస్తకం అక్కర్లేకపోయింది.

“ఎవరూ కాపాడలేదండీ,” అంది యామిని. “అన్నయ్యంతట అన్నయ్యే వెళ్ళేడు. రెండోసారి కూడా.” కళ్లు తుడుచుకోలేదు. “ఈ మాట అమ్మకి మీరొచ్చి చెప్పాలండీ. నేను చెప్తే కొడుతుంది.”

మాస్టారు పుస్తకం మూసి, చెప్పుల కోసం వంగారు.