పురిటిగదిలో పైకా

మా ఆయనకి ఎండంటే మహా భయం. తన గురించి కాదు, నా గురించి అంతకన్నా కాదు, ఎలక గురించి. ఎలక అంటే ఊరుకోరు. "ఎలక కాదు శ్యామలా, పైకా. కుందేలు జాతి. తోక ఉండదు చూడు" అనేవారు. తోక లేకపోతే మాత్రం, గుప్పెడంత ఉండి, గుండ్రటి చెవులు వేసుకుని కిచకిచమనేదాన్ని ఏమంటారో అమలాపురంలో ఎవర్నైనా అడగమనండి.

ఆయన పేరు గౌరీశంకరం. కాలేజీలో జువాలజీ లెక్చరర్. మెట్ట అంటే ఏమిటో తెలియని ఈ కోనసీమలో పుట్టి, హిమాలయాల్లో పన్నెండు వేల అడుగుల పైన బండరాళ్ళ సందుల్లో బతికే బుల్లి జంతువుల మీద డాక్టరేటు చేస్తున్నారు. డెబ్భై ఎనిమిది వేసవి సెలవుల్లో వాటిని చూడ్డానికి వెళ్ళి, ఊరికే రాకుండా ఒక జంటని ఐసుపెట్టెలో పెట్టుకుని రైలెక్కారు. మగది బల్లార్షా దాటకుండానే పోయింది. ఆడది మా ఇంటికొచ్చింది. అప్పటికి నాకు నెలలు నిండుతున్నాయి.

"మంచులో బతకాలి కదా, అందుకని దాని ఒంట్లో వేడి ఎప్పుడూ ఎక్కువే. పైన ఆ దట్టమైన బొచ్చొకటి. మన ఎండ కాస్త తగిలిందా, పూటలో ప్రాణం పోతుంది" అని ఉత్తరపు గది దానికిచ్చేశారు. కిటికీలకి వట్టివేళ్ళ తడికలు కట్టారు. ఇంట్లో ఉన్న ఒక్క టేబులు ఫానూ దానికే. రోజూ కాట్రేనికోన నించి ఐసుదిమ్మలు. చేపల మీద వేసే ఐసు మడి ఇంట్లోకా అని మా అత్తగారు అచ్చయమ్మగారు కస్సుమంటే, ఐసు తెచ్చే సాలమోను "దీని మీద ఇంకా చేప ఎక్కలేదండి, ఆయ్" అని ఊకబస్తా పెరట్లో దింపి వెళ్ళిపోయేవాడు.

నా బాధ వేరు. నా పురుడు రోహిణికార్తెలో పడుతోంది. మా అమ్మ పోయింది గనక ఈసారి అత్తారింట్లోనే. బాలింతల్ని చూసుకోవడంలో మా అత్తగారు దిట్ట. ఆ దిట్టతనం తలుచుకుంటేనే నాకు చెమటలు పట్టేవి. గది తలుపూ కిటికీ బిగించెయ్యాలి. చెవుల్లో దూది, తలకి గుడ్డ, మంచం కింద నిప్పుల కుంపటి. గుక్కెడు చన్నీళ్ళు అడిగితే మహాపాపం. పెద్దవాడు పుట్టింది మార్గశిరంలో, మా పుట్టింట్లో. ఎలాగో నెగ్గుకొచ్చాను. రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారే, ఆ ఎండల్లో కుంపటి మీద పడుకుని బతుకుతానా అని నిజంగానే భయం వేసింది.

"కిటికీ ఒక్కటి తీసి ఉంచమని అత్తయ్యగారితో చెప్పండి" అని ఆయన్ని బతిమాలాను.

"పురుళ్ళ సంగతి అమ్మకి తెలియదా? మధ్యలో నేను దూరితే ఏం బాగుంటుంది?" అంటూ ఆయన థర్మామీటరు పుచ్చుకుని ఉత్తరపు గదిలో దూరారు.

అత్తగారు మొదట్లో ఆ గదివైపు చూసేవారే కాదు. కానీ ఆ పైకా, వేసిన గరికంతా తినెయ్యకుండా, పోచ పోచా పరిచి, ఫాను గాలికి ఆరినదాన్ని మూలకి లాక్కెళ్ళి, బుల్లి గడ్డిమేటు వెయ్యడం మొదలుపెట్టింది. "చలికాలమంతా ఇది నిద్రపోదమ్మా, మెలకువగానే ఉంటుంది. మంచు కురిసే నెలలకి ఇప్పుడే మేత దాచుకుంటుంది" అన్నారు మా ఆయన. దాంతో ఆవిడ మనసు కరిగిపోయింది. "ఎంత ముందుచూపున్న ఇల్లాలురా! కొందరికి రేపటి పప్పు ఉందో లేదో తెలియదు" అని నావైపు చూశారు.

వాల్తేరు నించి తన డాక్టరేటు గైడు ప్రొఫెసరుగారిని తీసుకొచ్చి చూపించాలని ఆయన వెళ్ళిన రోజునే పైకా ఈనింది. బొటనవేలంత పిల్లలు, మూడు.

అత్తగారు చూసి గుండెలు బాదుకున్నారు. "పచ్చి బాలింతని ఐసు మీద పడుకోబెడతారా! వీడి చదువు మండా!" అంటూ తల్లినీ పిల్లల్నీ పాత చీరముక్కలో చుట్టి, నాకోసం సిద్ధం చేసిన పురిటిగదిలోకి తీసుకెళ్ళారు. కిటికీ బిగించారు. కుంపటి రాజేశారు. సాంబ్రాణి పొగ కూడా వేశారు.

"దానికి వేడి పడదండి అత్తయ్యగారూ. చచ్చిపోతుందండి" అని నేను ఆయాసపడుతూ వెంటపడ్డాను.

"ఏ ఆడదానికి సుఖంగా ఉందే? మేమంతా ఓర్చుకోలేదూ?" అని తలుపుకి గొళ్ళెం పెట్టి, అక్కడే కూచున్నారు. నన్ను దగ్గరికి రానివ్వలేదు.

పొద్దువాలాక తలుపు తీసేసరికి తల్లి పోయింది. పిల్లలూ పోయాయి. అత్తగారు వాటి ముందు కూలబడిపోయారు. నాకు ఏడుపొచ్చింది. దాని మీద జాలో, నా మీద జాలో నాకే తెలియలేదు.

మర్నాడు ఆయన ప్రొఫెసరుగారితో దిగారు. సంగతి విని, కొబ్బరినీళ్ళు తాగి, ప్రొఫెసరుగారు వచ్చిన బస్సుకే వెళ్ళిపోయారు. అప్పుడు ఈయన తల్లి మీద విరుచుకుపడ్డారు.

"అప్పుడే కన్న ప్రాణాన్ని, ఈ ఎండల్లో, గాలి ఆడకుండా మూసేసి, పక్కన నిప్పులు పెడతావా? ఏ ప్రాణి బతుకుతుందమ్మా? కాస్తయినా జాలి ఉండక్కర్లా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఇంత జాలిగుండె మనిషని పెళ్ళయిన ఇన్నేళ్ళకి తెలిసింది నాకు.

"అయితే నేనూ ఆ గదిలోకి వెళ్ళక్కర్లేదు కదండీ?" అన్నాను.

ఆయన కళ్ళజోడు తుడుచుకుని, క్లాసులో వెనకబెంచీ కుర్రాణ్ణి చూసినట్టు చూశారు. "నీకూ దానికీ పోలికేమిటి? అది పన్నెండు వేల అడుగుల నించి దిగింది. నువ్వు ద్రాక్షారామం దానివి. తరతరాలుగా ఈ వేడికి అలవాటుపడ్డ శరీరం నీది. సైన్సు తెలియకుండా మాట్లాడకూడదు."

సైన్సు తెలియని నాకు ఒళ్ళు మండిపోయింది.

రోహిణి నడుస్తుండగా నాకు ఆడపిల్ల పుట్టింది. అదే గది. మంత్రసాని వెళ్ళిపోయాక అత్తగారు నిప్పుల కుంపటి పట్టుకుని లోపలికొచ్చారు. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఎంతసేపటికీ కుంపటి కింద పెట్టిన చప్పుడు లేదు. కళ్ళు తెరిస్తే, ఆవిడ దాన్ని బయటికి తీసుకుపోతున్నారు. తిరిగొచ్చి కిటికీ గడియ లాగారు. బిగుసుకుపోయి ఉందేమో, రెండు చేతులూ వేస్తే గానీ రాలేదు. కొబ్బరాకుల మీంచి గాలి లోపలికొచ్చింది.

అరుగు మీంచి మా ఆయన కంగారుపడ్డారు. "అమ్మా, బాలింతకి గాలి తగలకూడదంటావు కదా?"

"నువ్వు నోరుమూసుకో. నీకు తెలిసింది ఎలకల సంగతి" అన్నారు ఆవిడ.

తరవాత నా మంచం పట్టెమీద కూచుని, చంటిదాని తల నిమురుతూ, నావైపు చూడకుండా మెల్లిగా అన్నారు: "నాకూ ఊపిరాడేది కాదే శ్యామలా. పురుడొచ్చినప్పుడల్లా చచ్చిపోతాననే అనుకునేదాన్ని. ఎవరితో అనను?"