సోమవారం చెప్పండి

హైదరాబాదులో హాస్పిటల్ మేనేజ్‌మెంట్ చదివొచ్చిన కెజియాకి ఆకివీడులో రాజరత్నం డాక్టరుగారి దగ్గర అది మొదటి ఉద్యోగం. అందులో మొదటి పని పేషెంట్ల అభిప్రాయాలు తీసుకునే పద్ధతి పెట్టడం. ఆ హడావిడిలో ఆమెకి అన్నం కూడా సహించడం లేదు. గుమ్మం పక్కన ఒక ట్యాబ్, అందులో మూడు మొహాలు: నవ్వేది, ఊరికే చూసేది, మూతి ముడుచుకున్నది. నర్సులకీ, కౌంటర్లో కూర్చునే బాబీకీ ట్రైనింగు కూడా ఇచ్చేసింది. ఎవరైనా తప్పు చూపిస్తే వాదించకూడదు, థాంక్స్ చెప్పాలి, ఏం మార్చామో తర్వాత ఆ మనిషికే వెళ్లి చెప్పాలి.

"డాక్టరుగారిని తిట్టినా థాంక్సేనా మేడమ్?" అన్నాడు బాబీ.

"అప్పుడు రెండు థాంక్సులు."

శుక్రవారం గోడకి స్టాండు బిగిస్తుండగా మైకులో బాబీ గొంతు మోగింది. "షుగర్ పుండు మార్తమ్మగారూ, డ్రెస్సింగ్ రూముకి రండి!"

బెంచీల మీద తలలన్నీ తిరిగాయి. రొయ్యల షెడ్డులో పనికెళ్లే మార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కుంటుకుంటూ లోపలికి వెళ్లింది. కట్టు కట్టించుకుని వెళ్తూ వెళ్తూ కెజియా దగ్గర ఆగింది.

"వందనాలమ్మా. ఒక్క మాటండీ."

"చెప్పండి మార్తమ్మగారూ."

"మైకులో రోగం చెప్పకుండా పేరొక్కటే పిలిస్తే బాగుంటుందండీ. మా షెడ్డు మేస్త్రిగారి ఆవిడ కూడా ఇక్కడికే వస్తారు. పుండుందని తెలిస్తే నన్ను పన్లో ఉండనివ్వరండీ."

కెజియా మొహం వెలిగిపోయింది. ఎంత చక్కని ఫిర్యాదు! మొదటి రోజుకి సరిగ్గా ఇలాంటిదే కావాలి!

"ఇదేనండీ మాకు కావలసింది! సోమవారం మెషిన్ మొదలవుతుంది, డాక్టరుగారే రిబ్బన్ కత్తిరిస్తారు. అప్పుడొచ్చి ఆ మూతి ముడుచుకున్న బొమ్మ నొక్కి ఇదే మాట చెప్పండి, వెంటనే మార్చేస్తాం!"

"సోమవారమాండీ?" మార్తమ్మ మైకు వైపు ఒకసారి చూసింది. "అలాగేనండీ."

శనివారం కెజియా బ్యానర్ ప్రింటు చేయించడానికి ఏలూరు వెళ్లింది. సోమవారం రిబ్బన్ కత్తిరించారు, చప్పట్లు కొట్టారు. బాబీ మెషిన్ పక్కనే నిలబడి "ఇదిగో బాబాయ్, నవ్వేది ఇక్కడుంది" అని చూపిస్తుంటే వచ్చినవాళ్లంతా అదే నొక్కి వెళ్లారు. డాక్టరుగారు మురిసిపోయారు. మార్తమ్మ మాత్రం రాలేదు.

"శనివారం వచ్చిందండీ," అన్నాడు బాబీ. "ఎప్పట్లాగే పిలిచాను. గ్యాస్ మార్తమ్మ, బీపీ మార్తమ్మ, ఈవిడ... ముగ్గురున్నారు కదండీ, ఎవర్ని పిలుస్తున్నానో తెలియాలిగా. ఎదురు బెంచీలో ఎవరో మేస్త్రిగారి ఆవిడట, 'పుండా? ఎప్పట్నుంచే?' అని గట్టిగా అడిగిందండీ. అంతే, కట్టు కూడా కట్టించుకోకుండా వెళ్లిపోయింది."

"ఊరి పేరు పెట్టి పిలవచ్చు కదా బాబీ!"

"పిలిచేవాణ్ణేనండీ. నాకెవరూ చెప్పలేదు."

ఆ పూటే కెజియా మైకు తీసేయించింది. అరనిమిషం పని. ఇక మార్తమ్మకి చెప్పాలి. రేపు కట్టుకి వస్తుందిలే, అప్పుడు చెప్పొచ్చు అనుకుంది. రేపు వెళ్లి ఎల్లుండైంది. మైకు సంగతి ఎదురుగానే చెప్పాలని, ఫోన్ చేసి కట్టుకి రమ్మంటే "వస్తానండీ" అనేది మార్తమ్మ, వచ్చేది కాదు. వారాలు గడిచాక ఒక మధ్యాహ్నం కెజియా అడ్రసు కనుక్కుని చెరువు గట్టు పక్క ఇంటికి వెళ్లింది.

మార్తమ్మ మంచం మీద కాలు చాపుకుని ఉంది. కట్టు చివర బొటనవేలు ఉండాల్సిన చోట ఏమీ లేదు.

"షెడ్డులో పని మానిపించేశారమ్మా. మళ్లీ ఆ బెంచీల మధ్యకి రావాలంటే మొహం చెల్లక పసుపు రాసుకుంటూ కూర్చున్నాను. చివరికి ఏలూరు పెద్దాసుపత్రిలో వేలు తీసేశారు." కుర్చీ వైపు చెయ్యి చూపించింది. "కూర్చోండమ్మా, ఎండన పడి వచ్చారు. మీ మెషిన్ మొదలైందాండీ?"

"మొదలైందండీ."

"అందరూ ఏం నొక్కుతున్నారు?"

"నవ్వే బొమ్మేనండీ."

"పోన్లెండి, అంత కష్టపడి పెట్టారు. నాది కూడా అదే నొక్కేయండమ్మా. నేను అంతదూరం నడవలేను కదా."

మైకు తీసేశామని చెప్పడానికే కెజియా అంతదూరం వచ్చింది. మంచినీళ్లు తాగింది, గ్లాసు కింద పెట్టింది, లేచింది. ఆ మాట చెప్పకుండానే గుమ్మం దిగింది.